పాడుకాని మందు

1948 జూలై 5, సోమవారం, పగలు పదకొండు గంటలు. మా పెద్దత్త ఎడమ కంట్లో ఆ సీసాలోంచి మొదటి చుక్క నేను వేసిన సమయం అది. గడియారం మా మామగారిది. వారానికోసారి జహీరాబాద్ స్టేషన్ గడియారంతో సరిచూసేవారు కాబట్టి రెండు మూడు నిమిషాలకు మించి తేడా ఉండదు. చుక్క పడగానే ఆమె రెప్ప మూసుకుని, "సల్లగుందే పిల్లా," అన్నది. నేను నోటుబుక్కులో ఒక గీత గీశాను.

ఆ నోటుబుక్కు ఇప్పుడు లేదు. అందులో గీతలు ఎన్నో నాకు తెలుసు.

ఇవన్నీ మళ్ళీ తలచుకోవడానికి కారణం పోయిన నెల మా కళ్ళ డాక్టరమ్మ నాకు రాసిన చుక్కలు. నా వయసు డెబ్బై తొమ్మిది, కళ్ళు పొడిబారుతున్నాయి. మందుల దుకాణంలో అమ్మాయి ఒక పెట్టె ఇచ్చింది. అందులో చిటికెన వేలంత కూడా లేని ప్లాస్టిక్ గొట్టాలు ముప్పై ఉన్నాయి. ఒకటి తుంచాలి, ఆ పూటకు వాడాలి, పారేయాలి. ఇంత చిన్నవి ఎందుకమ్మా, ఒక్క సీసాలో పోసి ఇవ్వకూడదా అని అడిగాను.

"సీసాల ఉంటే పాడుగాకుండ మందు కల్పుతరు అవ్వా. గది రోజూ పడితే నల్లగుడ్డు మీది పొర ఖరాబైతదట. గీటిల గది ఉండదు," అన్నది.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటుంటుంది, దాన్ని కార్నియా అంటారు. ఆ సంగతి నేను ఆ అమ్మాయి పుట్టకముందే నేర్చుకున్నాను. పెట్టె తీసుకుని ఇంటికి వచ్చి, దాన్ని తెరవకుండా సాయంత్రం దాకా ముందు పెట్టుకుని కూర్చున్నాను.

పెద్దత్త అంటే మా అత్తగారి అక్క. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటి వెనక వాకిట్లో ఒక గది ఆమెది. అందులో మంచానికి పోగా మిగిలిన చోటంతా కుండలే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కుడి కన్ను అప్పటికే పోయింది. ఎవరినైనా చూడాలంటే కోడిలా మెడ పక్కకు తిప్పి ఎడమ కన్నును ముందుకు తెచ్చేది. కొత్తవాళ్ళు ఆ కుడి కన్ను గురించి అడిగితే, "గది పింఛన్ తీస్కున్నది. గీ ఎడమది ఇంక నౌకరీల ఉన్నది," అనేది.

ఆ కన్ను చేసే నౌకరీ విత్తనాలు చూడడం. కోహీర్ నుంచి, ఝరాసంగం నుంచి రైతులు గింజలు కొంగున, రుమాలున కట్టుకుని వచ్చేవారు. ఆమె వాళ్ళను కూర్చోమనేది కాదు. గింజలను అరచేతిలో పరిచి ఎండకు పట్టి, మెడ తిప్పి చూసేది. ఒక గింజ పంటి కింద పెట్టి టక్కున కొరికేది. ఒకసారి కోహీర్ రైతు ఒకాయన తెల్లజొన్న తెచ్చాడు.

"ఏమంటవ్ పెద్దమ్మా? మంచిగున్నయా?"

"మంచిగున్నయ్, పెండ్లికి పోతున్నట్టు తయారైనయ్. లోపల పురుగు సంసారం వెట్టి పిల్లల్ని గూడ కన్నది."

"గట్లంటవేంది, మొన్ననే నూర్చిన!"

"మొన్న నూర్చినవ్, నిన్న తడిపినవ్, ఇయ్యాల నాకు చూపెడ్తున్నవ్. పో, జొన్నగట్క తాగు. ఇత్తనం నా కాడ తీస్కపో."

ఆమె దగ్గర పదిహేడు కుండలు ఉండేవి. పదిహేడు రకాల విత్తనాలు. కంది, శనగ, కుసుమ వంటివి పోగా తెల్లజొన్నలోనే ఆరు రకాలు. ఒకటి ఎర్రమట్టికి, ఒకటి నల్లమట్టికి, ఒకటి వాన ముందే వెళ్ళిపోయిన ఏటికి, అలాగ. నాకు ఆ ఆరూ ఒక్కటిగానే కనిపించేవి. శేరు గింజలకు గుప్పెడు పిడకల బూడిద, నాలుగు వేపరెమ్మలు కలిపి, మూతి పేడమట్టితో మూసేది. ముసురు ముదిరితే కుండ విప్పి ఇంకో గుప్పెడు బూడిద వేసేది. "తడి ఎక్కువైతే బూడిద ఎక్కువ గావాలె. గిది గూడ లెక్కనే, రాస్కో," అని నన్ను ఎగతాళి చేసేది.

నేను మొగుడంపల్లి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1947లో, పదహారో ఏట. ఉర్దూలో నాలుగో తరగతి దాకా చదివాను. చాకలికి వేసిన బట్టలు, కోళ్ళు పెట్టిన గుడ్లు, వాన పడ్డ రోజులు అన్నీ రాసేదాన్ని. ఆమె నన్ను లెక్కల పిల్ల అని పిలిచేది. కుండల మీద సుద్దతో పేర్లు రాస్తానని ఒకసారి అడిగాను.

"వద్దు. కుండ మీద రాస్తే కుండను సూస్తవు, గింజను సూడవు," అన్నది.

ఆమె జబ్బు పేరు నీటికాసులు. కంటి లోపల నీటి ఒత్తిడి పెరిగి చూపు నరం చచ్చిపోయే జబ్బు. నొప్పి ఉండదు, పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలు వేస్తూ ఉంటే ఉన్న చూపు నిలుస్తుంది. 1946లో కోతల పనిలో పడి ఆమె ఇరవై రెండు రోజులు చుక్కలు మానేసింది. కుడి కన్ను ఆ ఇరవై రెండు రోజుల్లోనే ఆరిపోయిందని ఇంట్లో అందరూ నమ్మేవారు. బీదర్‌లో ఒక కళ్ళ డాక్టర్ ఉండేవాడు. నా పెళ్ళయిన నెలకు ఆయన నన్ను పిలిచి, "ఈమెను నమ్మను. నువ్వు చదువుకున్నావు. రోజుకు మూడు పూటలు, పూటకు ఒక చుక్క. ఒక్క పూట తప్పినా ఈ కన్నూ ఆ కన్ను దారి పడుతుంది," అని చెప్పాడు. ఆ మాట నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో ముందు ముందు తెలుస్తుంది.

బీదర్ డాక్టర్ మందు ఏడు రోజులే వాడాలి. ఎనిమిదో రోజు సీసాలో ఎంత మిగిలినా పారబోయాలి. ప్రతి సోమవారం మావారు రైల్లో వెళ్ళి కొత్త సీసా తెచ్చేవారు. 1948 వానకాలం ఆ ప్రయాణం ఆగిపోయింది. ఎందుకో ఆ ఏడు హైదరాబాద్ రాజ్యంలో బతికినవాళ్ళకు చెప్పనక్కరలేదు. తరువాత పుట్టినవాళ్ళకు ఒక్క మాట చాలు: దారిలో మనుషులు మాయమవుతున్నారు. మా అత్తగారు కొడుకును గడప దాటనివ్వలేదు.

అందుకని బజారులో ఉండే కాంపౌండరు మా ఇంటికి వచ్చాడు. పెద్దవయసు మనిషి, ఎక్కడో ఫౌజు దవాఖానలో పనిచేసి వచ్చినవాడు. బీదర్ డాక్టర్ రాసిన చీటీ చూసి, అదే మందు తాను కలపగలనన్నాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ ఉంటే పెద్దత్త అడిగింది.

"బీదర్ సీసా ఏడు దినాలకే పారబొయ్యాల్నంటరు. ఎందుకు సాబ్?"

"నీళ్ళమందు గదా అమ్మా. నిలువుంటే బూజు వడ్తది. గా బూజు కంట్ల వడితే కన్నే పోతది. నేను పాడుగాకుంట ఒక దవా కలుపుత. రెండు నెలలైనా ఏం గాదు. ఫికర్ చెయ్యకు."

ఆమె ముఖం వెలిగింది. "అంటే మా బూడిదసొంటిది."

"గంతే అనుకో."

ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. నాకూ సరిగానే తోచింది. ఆయన చెడ్డమనిషి కాడని ఇప్పటికీ అంటాను. బూజు పట్టిన మందు కంట్లో వేస్తే చీము పట్టి కన్ను పోతుంది, అది నిజమే. ఆయన కలిపింది ఏదో పాదరసపు ఉప్పు అని తరువాత తెలిసింది. ఎంత కలపాలో ఆయనకు తెలిసి ఉండాలి, ఎంత కలిపాడో మాకు తెలియదు.

మొదటి రెండు వారాలు ఏమీ లేదు. మూడో వారం నుంచి ఆమె కంట్లో ఇసుక పోసినట్టు ఉందనసాగింది. కన్ను ఎర్రబడింది. కబురు పంపి అడిగితే, "మంట పుడ్తుందంటే దవా పని చేస్తుంది," అని కాంపౌండరు జవాబు పంపాడు.

ఆగస్టు 13, శుక్రవారం ఉదయం, సీసాను వెలుతురుకు పట్టి చూస్తే అడుగున తెల్లటి పోగు ఒకటి తేలుతూ కనిపించింది. బూజు. పెద్దత్తకు చెప్పాను. ఆమె కంగారుపడలేదు. తనకు బాగా తెలిసిన పని కదా.

"ముసురు దినాలు గాదె. ముసురుల గుప్పెడు చాలదు. రాయి, గా పాడుగాని దవా దుగ్నా ఎయ్యమను."

కాంపౌండరు ఉర్దూ మాత్రమే చదవగలడు. ఇంట్లో ఉర్దూ చక్కగా రాసేది నేనొక్కదాన్నే. చీటీ రాశాను. దుగ్నా అంటే రెండింతలు. ఆ మాట కింద ఒక గీత కూడా గీశాను, ఆయన కంటికి తప్పిపోకూడదని. మరునాటికి కొత్త సీసా వచ్చింది. కన్ను ఎర్రగా ఉందంటున్నారు కాబట్టి మూడు పూటలు చాలవు, అయిదు సార్లు వేయమని కబురు కూడా వచ్చింది. నేను నోటుబుక్కులో రోజుకు అయిదు గళ్ళు గీశాను.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వీధి తలుపు పగలు కూడా గడియ వేసి ఉండేది. ముసురు, తడి గోడలు, బయట అడుగుల చప్పుడైతే మాటలు ఆపేయడం. రోజుకు అయిదుసార్లు ఆమె నా ఒళ్ళో తల పెట్టుకునేది. నేను ఎడమచేతి బొటనవేలితో రెప్ప ఎత్తేదాన్ని. చుక్క పడేలోపల ఆమె నా మణికట్టు పట్టుకునేది. మొదట్లో రెండు వేళ్ళతో, తరువాత అరచేతితో, ఆఖరికి గోళ్ళతో. చుక్క పడ్డాక కాళ్ళు ముడుచుకుని వంద లెక్కపెట్టేదాకా పలికేది కాదు. మందు వేస్తే మంట. మానేస్తే కుడి కన్ను గుర్తుకొస్తుంది. ఇల్లు దాటి ఎవరినీ అడిగే వీలు లేదు.

సెప్టెంబర్ 9, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల చుక్కకు ఆమె మంచం మీద లేదు. వాకిట్లో లేదు. గదిలో కందులు పోసిన పెద్ద గుమ్మి వెనక, గోడకూ దానికీ మధ్య సందులో చీర చుట్టుకుని కూర్చుని ఉంది. ఊరి రైతులను నిలబెట్టి తిట్టే మనిషి.

"ఇయ్యాల వద్దు పిల్లా. ఒక్క పూట ఇడిసెయ్. నీ కాళ్ళు మొక్కుత."

"కుడికన్ను ఎట్ల పోయింది పెద్దత్తా?"

"ఎరికే. ఎరికేనే. ఒక్క పూటకేమైతది? నీ బుక్కుల యేసిన్నని రాస్కో, ఎవరు సూడొచ్చిన్రు?"

"నేను చూస్త గదా."

ఆమె నన్ను చాలాసేపు చూసింది, మెడ తిప్పి, మంటతో సగం మూసుకున్న ఆ ఒక్క కంటితో. "నీ లెక్కల్ల మన్నువొయ్య," అని, తనంతట తానే బయటికి వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. నేను చుక్క వేశాను. గీత గీశాను. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

తరువాతి వారమే ఎవరో ఇళ్ళ మీదికి వస్తున్నారని పుకారు లేచింది. మగవాళ్ళు ధాన్యంతో పాటు ఆమె కుండలను కూడా అరగంటలో గడ్డివాము వెనక గోతిలోకి దించి కప్పేశారు. ఏ కుండ ఎక్కడ ఉండేదో ఆ వరుస ఆమె చేతులకు కంఠతా వచ్చు. ఆ వరుస అరగంటలో చెదిరిపోయింది. ఎవరూ రాలేదు. ఆమె గది గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఇంట్ల గింత పొగేందే? పొయ్యి ఊదుతలేరా?"

పొయ్యి ఆర్పి రెండు గంటలైంది. ఇంట్లో పొగ లేదు.

రైళ్ళు మళ్ళీ నడిచి, మా అత్తగారి భయం తీరేసరికి అక్టోబర్ వచ్చింది. అక్టోబర్ 11, సోమవారం, మావారూ నేనూ ఆమెను బీదర్ తీసుకుపోయాం. డాక్టర్ ఆమె కంట్లో పచ్చరంగు మందు చుక్క వేసి భూతద్దంతో చూశాడు. పొర చెక్కుచెదరని చోట ఆ రంగు అంటదట. నల్లగుడ్డంతా పచ్చగా అయింది. ఆయన మా సీసా మూత తీసి వాసన చూశాడు. ఏం కలిపారని అడిగాడు. మావారు చెప్పారు, రెండింతల సంగతితో సహా.

"మందు సరైనదే," అన్నాడు డాక్టర్. "మందు పాడుకాకుండా వేసింది ఈ పొరను కాల్చేసింది. లోపలి నరం ఇంకా బతికే ఉంది. ముందున్న అద్దం తెల్లబడిపోయింది. ఇది ఇక తేటపడదు." తరువాత నా వైపు తిరిగి, "మధ్యలో ఎన్ని పూటలు తప్పాయి?" అని అడిగాడు.

నేను నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. "ఒక్కటి కూడా తప్పలేదు," అన్నాను. నా గొంతులో గర్వం ఉంది. అది నాకే వినిపించింది.

ఆయన పేజీలు తిప్పి, పుస్తకం మెల్లగా మూశాడు. "తప్పినా కొంత నయంగా ఉండేది," అన్నాడు.

పెద్దత్త గద్దించింది. "గా పోరినేమనకు సాబ్. యెయ్యుమని చెప్పింది మీరు. దుగ్నా రాయుమన్నది నేను. అది చెప్పినట్టు చేసింది."

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బయట ఏముందో నన్ను అడగలేదు. ఏదో స్టేషన్‌లో బండి ఆగినప్పుడు, తనలో తానే అన్నట్టు, "గింజ మంచిగనే ఉన్నదంట. బూడిదే ఎక్కువైంది," అన్నది. ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. నేను నవ్వలేదు.

తెల్లజొన్న విత్తే అదను దాటిపోతున్నది. గురువారం పొద్దున గోతిలోంచి పదిహేడు కుండలూ తీయించి వాకిట్లో ఎండలో పెట్టించింది. ఒక్కొక్క కుండలో చెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య రుద్ది, కొరికి, పేర్లు చెప్పింది. నేను రాసుకున్నాను, ఈసారి ఆమె వద్దనలేదు. పదకొండు కుండలు తేలాయి. మిగిలినవి తెల్లజొన్నలు, ఆరు కుండలు. ఆరింటి గింజా ఒకే సైజు, పంటి కింద ఒకే చప్పుడు. తేడా అంతా రంగులోనే, అదీ పొద్దుటి ఎండలో.

ఆమె ఒక కుండలోంచి పిడికెడు తీసి నా అరచేతిలో పోసింది.

"ఎట్లున్నది?"

"తెల్లగ ఉన్నది పెద్దత్తా."

"ఎట్ల తెల్లగ? పాల తెలుపా, మజ్జిగ తెలుపా, ఎముక తెలుపా?"

నేను గింజలను ఎండకు పట్టాను, ఆమెలాగే మెడ తిప్పి చూశాను. రెండు కళ్ళతోనూ చూశాను. ఇంకో కుండలోంచి తీసి పక్కన పెట్టి చూశాను.

"తెల్లగనే ఉన్నది."

ఆమె చెయ్యి చాచి నా గడ్డం పట్టుకుంది. తెల్లబడ్డ ఆ కన్ను నా ముఖం మీద ఎక్కడో నిలిపి, జవాబు మారుతుందేమోనని కాసేపు చూసింది. తరువాత చెయ్యి తీసి, "ఇగ అన్నీ కలిపే ఇత్తుమను. అదను పోతది," అన్నది. మూడెకరాల చేనులో ఆరు రకాలూ కలిపి ఒకే విత్తనంగా విత్తారు. కొన్ని ముందు పండాయి, కొన్ని వెనక పండాయి, పిట్టలు తిన్నవి తిన్నాయి. మిగిలింది కలగలుపు.

బీదర్ నుంచి ప్రతి సోమవారం తాజా సీసా మళ్ళీ రాసాగింది. ఆ మందు మండేది కాదు. లోపలి నరాన్ని కాపాడడానికి వేయమన్నాడు డాక్టర్, వెలుగూ చీకటీ తెలుస్తాయని. వేసేదాన్ని. గీతలు మాత్రం మానేశాను. నాలుగో రోజో అయిదో రోజో ఆమె పట్టేసింది.

"రాస్తలేవా?"

"లేదు పెద్దత్తా."

"రాస్కో. నువ్వు రాయకుంటే నాకు యేసినట్టే ఉండది."

పెన్సిలు వెనక కొసతో కాగితం మీద గీశాను. చప్పుడు విని ఆమె రెప్ప మూసుకుంది. ఆ తరువాత పదమూడేళ్ళు అలాగే గీశాను. నా జన్మలో నేను రాసిన దొంగ లెక్క అదొక్కటే. ఆమె కంట్లో చుక్క వేయడానికి వేరే ఎవరినీ రానిచ్చేది కాదు. నీ చెయ్యి వణకది, అనేది.

ఇప్పుడు అసలు లెక్క. ఆ సీసాల చుక్కలు వేసిన రోజులు తొంభై ఎనిమిది. రోజుకు మూడు చొప్పున నలభై రోజులకు నూట ఇరవై. రోజుకు అయిదు చొప్పున యాభై ఎనిమిది రోజులకు రెండు వందల తొంభై. మొత్తం నాలుగు వందల పది. ఆ రోజుల్లో ఆమె వద్దని అడిగింది పదకొండు సార్లు. నేను విన్నది ఒక్కసారీ లేదు.

పోయినవి: ఒక కన్ను, తెల్లజొన్న విత్తనాలు ఆరు రకాలు.